పాత సెస్నా కొనాలా, గంటల లెక్కన అద్దెకు తీసుకోవాలా?

అన్నా, బాబు పైలట్ ట్రైనింగ్ కోసం పాత సెస్నా 172 (ట్రైనింగ్‌లో వాడే చిన్న విమానం) కొంటే అద్దె మిగులుతుందా అని అడిగారు. నా మాట వినండి, కొనకండి.

మీ మిర్యాలగూడలో వరికోత మిషన్ కొన్నవాళ్లను అడగండి, సీజన్ అయిపోయి షెడ్డులో ఉన్నా కిస్తీ ఆగదు. విమానమూ అంతే. ఎగరకపోయినా హ్యాంగర్ (విమానం పెట్టే షెడ్డు) అద్దె, ఇన్సూరెన్స్, ఏటా తనిఖీ తప్పవు. ఎగిరితే గంటకు 30–35 లీటర్ల ఏవీగ్యాస్, అంటే విమానం పెట్రోలు. అసలు దెబ్బ ఇంజన్‌ది. ఎక్కువ 172ల్లో ఉండే లైకమింగ్ ఇంజన్‌ను సాధారణంగా 2,000 గంటలకు లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు, ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) చేయించాలి. ఇంజన్ 1,800 గంటలు తిరిగిన విమానం చౌకగా వస్తోందంటే ఆ ఖర్చు మీ నెత్తిన పడబోతోందని అర్థం. ప్రైవేటుగా రిజిస్టర్ చేస్తే ఇతరులకు అద్దెకిచ్చి రాబట్టుకోవడమూ కుదరదు.

కమర్షియల్ లైసెన్స్‌కు బాబుకి కావాల్సింది 200 గంటలు. అంతమాత్రానికి విమానం ఎందుకన్నా?

గంటల లెక్కన అద్దెకే తీసుకోండి. ట్రైనింగ్ స్కూల్లో డబ్బు కట్టేముందు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోండి: ఇంధనం రేటులో కలిసే ఉందా, గంట లెక్క ఇంజన్ స్టార్ట్ నుంచా, గాలిలోకి లేచినప్పటి నుంచా. స్టార్ట్ నుంచి లెక్కేస్తే రన్‌వే దగ్గర వెయిటింగ్‌లో పోయే నిమిషాలే బిల్లు పెంచేస్తాయి.