నాన్నకి మూత్రంలో రక్తం పడి ఆగిపోయింది.. ఇంకా పరీక్షలు కావాలా?

ప్రశ్న: మాది గంజాం జిల్లా, ఇచ్ఛాపురానికి అవతల సరిహద్దు పల్లె. నాన్నకి 62 ఏళ్లు. సూరత్‌లో బట్టలకు రంగులద్దే మిల్లులో పాతికేళ్లు పనిచేసి వచ్చేశారు. బీడీలు మానలేదు. రెండు నెలల కిందట మూత్రం ఎర్రగా పడింది, నొప్పి లేదు. వేడి చేసిందన్నారు. ఆర్‌ఎంపీ గారు మాత్రలిస్తే తగ్గింది. కిందటి వారం మళ్లీ పడి, దానంతటదే ఆగింది. పక్కనే ఉద్దానం కదా, భయపడి క్రియాటినిన్ చేయించాం. 1.0 వచ్చింది. ఇంకేమైనా చేయించాలా? 24 ఏళ్ల తమ్ముడికి ఒకవైపు వృషణం గట్టిగా, పెద్దగా ఉంది. వరిబీజమే అంటున్నారు, నిజమేనా?

జవాబు: చేయించాలమ్మా, ఈ వారంలోనే. రక్తం ఆగిపోయిందని మీరు ఊపిరి పీల్చుకున్నారు చూడండి, నాకు భయం అక్కడే.

క్యాన్సరే అని నేననడం లేదు. రాయి ఉన్నా, ఇన్ఫెక్షన్ వచ్చినా, వయసుతో ప్రోస్టేట్ పెరిగినా రక్తం పడొచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవారికి రక్తం లేకుండానే మూత్రం ఎర్రబడుతుంది. కానీ ఈ వయసులో, బీడీ అలవాటున్న మనిషికి నొప్పి లేకుండా రక్తం పడితే, మూత్రాశయ క్యాన్సర్ లేదని ముందు తేల్చుకోవాలి. ఆ గడ్డ సాధారణంగా మెత్తగా, కాలీఫ్లవర్ పువ్వులా మూత్రాశయం గోడ మీద పెరుగుతుంది. కొంచెం చిట్లితే రక్తం వస్తుంది, గడ్డకట్టాక ఆగుతుంది, మళ్లీ నెలల తర్వాత కనిపించవచ్చు. ఆ మధ్యలో ఏ మాత్ర వేసుకున్నా, బార్లీ నీళ్లు తాగినా వాటి వల్లే తగ్గిందనుకుంటాం.

క్రియాటినిన్ బాగుండటం మంచిదే. కానీ అది కిడ్నీలు రక్తాన్ని ఎలా వడపోస్తున్నాయో చెబుతుందే తప్ప, మూత్రాశయం లోపల ఏముందో చెప్పదు. ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు, ఇది వేరు.

నాన్నగారి పని గురించి రాసి మంచి పని చేశారు. 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ క్యాన్సర్‌ను గమనించాడు. కొన్ని రంగుల తయారీలో వాడే ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు ఒంట్లోకి చేరి మూత్రంలో బయటికి పోతూ మూత్రాశయం గోడను దెబ్బతీస్తాయి. బీడీ పొగలోనూ అవే ఉంటాయి. జబ్బు బయటపడటానికి 20 ఏళ్లు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. గంజాం నుంచి సూరత్ వెళ్లి వచ్చిన ఎంతోమంది డాక్టరుకి ఈ మాటే చెప్పరు. అడగాల్సింది మేమే, చాలాసార్లు అడగం కూడా.

ముందు మూత్ర పరీక్ష, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు స్కానింగ్. స్కానింగ్‌లో ఏమీ లేదన్నా అక్కడితో ఆగకండి, చిన్న గడ్డలు, గోడకు అంటుకున్నట్టుండేవి అందులో కనబడకపోవచ్చు. సిస్టోస్కోపీ తప్పనిసరి. మత్తు జెల్లీ వేసి, మూత్రనాళం గుండా సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తారు, కొద్ది నిమిషాల పని. పైనున్న కిడ్నీలు, వాటి నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టాల కోసం సీటీ స్కాన్ కూడా అడగవచ్చు.

గడ్డ కనిపిస్తే కోత లేకుండా అదే దారిలో గీకి తీసి బయాప్సీకి పంపుతారు. రిపోర్టులో మీరు ముందుగా చూడాల్సింది, మూత్రాశయం గోడలోని కండరం దాకా పాకిందా లేదా అని. దాదాపు నాలుగింట మూడొంతుల మందిలో మొదట పట్టుబడేటప్పటికి అక్కడికి పాకి ఉండదు. వారిలో కొందరికి పసిపిల్లలకు వేసే బీసీజీ మందునే వారానికోసారి, ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. తర్వాత మూడు నెలలకు మళ్లీ కెమెరా పరీక్ష. ఇది తిరిగొచ్చే జబ్బు, ఆ తేదీలు తప్పకూడదు. కండరంలోకి పాకితే మూత్రాశయం తీసేయడమో, కీమోతో కలిపి రేడియేషనో అవసరమవుతుంది. రెండు నెలల ఆలస్యం ఇప్పటికే అయింది, అందుకే తొందరపెడుతున్నాను.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మొదలుపెట్టండి. అవసరమైతే కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, ఇటు విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. మీ ఆరోగ్య కార్డు రాష్ట్రం దాటాక చెల్లుతుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. ఈలోగా రక్తం గడ్డలుగా పడినా, మూత్రం బిగుసుకుపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక తమ్ముడు. మన వైపు బోదకాలు ఎక్కువ కాబట్టి వాపు అనగానే వరిబీజం అనేస్తారు. వరిబీజంలో నీరుంటుంది, చేతికి మెత్తగా తగులుతుంది. మీరు రాసింది గట్టిగా ఉందని. వృషణ క్యాన్సర్ ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల కుర్రాళ్లకే వస్తుంది, చాలాసార్లు నొప్పి ఉండదు. గడ్డ చుట్టూ నీరు కూడా చేరవచ్చు కాబట్టి పైనుంచి చూసి చెప్పడం కుదరదు. స్కానింగ్, దాంతోపాటు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు చేయించండి. త్వరగా పట్టుకుంటే నూటికి 95 మందికి పైగా నయమయ్యే క్యాన్సర్ ఇది. అతను సిగ్గుపడి మీతో రాకపోతే, నాన్నగారికి తోడుగా పిలుచుకెళ్లి ఇద్దరినీ ఒకే రోజు చూపించండి. స్కానింగ్ కాకుండా ఎవరినీ అక్కడ సూది గుచ్చి నీరు తీయనివ్వకండి.