ఏ రోజు, ఏ పని, ఎంతసేపు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి: ఊళ్లో ఉన్న సేవా సంఘాల్లో చేరి ఏదైనా చెయ్యాలని ఉంది, ఎలా? నేను అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా ఇచ్ఛాపురం, సోంపేట వైపు, చివర్లో విజయనగరం జిల్లాలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక చిన్న సంఘంలో కూర్చుని కుటుంబాలకు కాగితాల పనిలో సాయం చేస్తుంటాను. కాబట్టి అవతలి బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల సంగతీ, ఇవతలివాళ్ల సంగతీ కొంత తెలుసు.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నాను. సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పే సంఘంలో చేరాను. నెల దాటింది. నాచేత బ్యానర్ పట్టించడం, ఫొటోలు తీయించడం తప్ప పని చెప్పడం లేదు. మానెయ్యనా? ఇంట్లో అమ్మ కూడా "ఊరి పనులన్నీ నెత్తిన వేసుకుంటున్నావు" అంటోంది.
– ఒక విద్యార్థిని, ఆముదాలవలస

మానెయ్యకమ్మా, ముందు ఒకసారి గట్టిగా అడిగి చూడు. "ఏమైనా పనుంటే చెప్పండి సార్" అని మాత్రం అడగకు. అలా అడిగినవాళ్ల చేతికే బ్యానర్ వస్తుంది. "మంగళ, శుక్రవారాల్లో ఐదు నుంచి ఆరున్నర దాకా వస్తాను. మూడు, నాలుగు తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. సెమిస్టర్ పరీక్షలప్పుడు రాను" అని చెప్పు. రాని రోజులు ముందే చెప్పినవాళ్ల మీద నడిపేవాళ్లకు నమ్మకం కుదురుతుంది. రోజూ వస్తానని చెప్పి రెండో వారానికి కనబడకుండా పోయినవాళ్లను వాళ్లు చాలామందినే చూసి ఉంటారు.

పిల్లల హాజరు రిజిస్టరు చూపించమని కూడా అడుగు. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం, ఆడిట్ లెక్కలు చూడమని అందరూ చెబుతారు, చూడు. నేనైతే ముందు హాజరు పుస్తకం తిరగేస్తాను. పేర్లు తేదీలవారీగా పడుతూ, మానేసిన పిల్లవాడి పేరు ఎదురుగా "తల్లి ఊరెళ్లింది" లాంటి ముక్క ఏదైనా రాసి ఉంటే ఆ సంఘం నిజంగా నడుస్తున్నట్టు. పుస్తకమే లేకపోతే వేరేది వెతుక్కో. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు ఎలాగూ చెయ్యాలి కదా, ప్రోగ్రామ్ ఆఫీసరును అడిగితే ఈ చదువు చెప్పే గంటలను అందులో కలుపుకునే వీలుంటుంది.

అమ్మ సంగతంటావా, ఒక సాయంత్రం ఆవిణ్ని నీతో తీసుకెళ్లు. అక్కడ ఇంకో పెద్ద మనిషి ఉంటారా, చీకటి పడ్డాక ఎలా వస్తావు, ఈ రెండే ఆవిడ టెన్షన్. అడిగే హక్కు ఆవిడకుంది.

ప్రశ్న: బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మా ఇంటికి దగ్గర్లో ఇటుక బట్టీలున్నాయి. ఒడిశా నుంచి కుటుంబాలతో వచ్చి పనిచేస్తున్నారు. పిల్లలు బట్టీ దగ్గరే ఉంటున్నారు. బడికి తీసుకెళ్తే టీసీ లేదన్నారు. మాకొక చిన్న వాకర్స్ సంఘం ఉంది. దుప్పట్లు పంచుదామని మావాళ్లు అంటున్నారు. నాకేమో అది చాలదనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, విజయనగరం

మీకు అనిపించింది నిజమేనండీ. దుప్పట్లు పంచండి, తప్పు లేదు. కానీ వాళ్లు పంట పనులయ్యాక వచ్చి, వానలు పడేలోపు వెళ్లిపోయే మనుషులు. ఆ ఆరేడు నెలల్లో పిల్లవాడి చదువు తెగిపోతే తిరిగి అతకడం కష్టం.

ముందు బడి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదని, వయసు రుజువు లేదని వెనక్కి పంపకూడదని అందులో స్పష్టంగా ఉంది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థ మీద పెట్టారు. ఇది హెడ్‌మాస్టరుతో వాదించడానికి చెప్పడం లేదు. ఆయనకూ పైనుంచి ఒక మాట కావాలి. మీరు ఒక తెల్లకాగితం మీద పిల్లల పేర్లు, వయసు, తల్లిదండ్రుల పేర్లు, సొంతూరు, అక్కడ చదివిన తరగతి రాసి మండల విద్యాశాఖాధికారికి ఇవ్వండి. ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. బ్యాంకు మనిషి కదా, రసీదు విలువ మీకు నేను చెప్పాలా!

భాష ఇబ్బందే. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మీడియం బడులున్నాయి, అక్కడ పిల్లలు రెండు భాషలూ గడగడా మాట్లాడతారు. విజయనగరంలో ఆ వీలుండదు. మీ సంఘంలో గానీ, చుట్టాల్లో గానీ ఒడియా వచ్చిన బరంపురం వైపు మనిషి ఎవరైనా ఉంటే పట్టుకోండి. వారానికి ఒక పూట ఆయన బట్టీకి వస్తే చాలు, సగం పని అయిపోతుంది.

తర్వాత బియ్యం. జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న రేషన్ కార్డయితే, ఒడిశా కార్డు మీద ఇక్కడి రేషన్ డిపోలో బియ్యం తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే కార్డు అంటున్నది దీన్నే. కార్డు చేతిలో లేకపోయినా కార్డు నంబరో ఆధార్ నంబరో ఉంటే సరిపోతుంది. మనిషికి నెలకు ఐదు కిలోలు. ఊళ్లో ముసలివాళ్లు ఉండిపోతే వాళ్ల వాటా వాళ్లు అక్కడే తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక నెలల తరబడి కిరాణా కొట్లో కొనుక్కునేవాళ్లు ఉంటారు.

ఒకామెతో నేను డిపోకి వెళ్లాను. చీర చెంగు ముడి విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల ఆధార్, ఇంకో కవరు, అందులో రేషన్ కార్డు జిరాక్సు, నాలుగు మడతల దగ్గరా చిరిగిపోయి. మెషిన్ మీద వేలు పెట్టింది. పడలేదు. పచ్చి ఇటుకలు తిప్పి తిప్పి వేలి గీతలు అరిగిపోయాయి. డీలరు "తలకు రాసి పెట్టమ్మా" అన్నాడు. నూనె రాసిన జుట్టుకు వేలు రుద్ది మళ్లీ పెట్టింది. బొటనవేలు, చూపుడువేలు, ఉంగరం వేలు... ఎడమచేతి మధ్యవేలికి పడింది. వెనక క్యూలో విసుక్కుంటున్నారు. ఆమె ఒక్కతే వచ్చి ఉంటే రెండో వేలుకే వెనక్కి తిరిగేది. పక్కన నిలబడి "ఇంకోటి పెట్టు" అనడం తప్ప నేను చేసింది ఏమీ లేదు. మీ వాకర్స్ సంఘంలో ఇలా నిలబడే ఓపిక ఉన్నవాళ్లు ఇద్దరుంటే, దుప్పట్ల కన్నా వాళ్లే ఎక్కువ.

గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లల సంగతి దగ్గర్లోని అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. వేరే రాష్ట్రం వాళ్లనైనా అంగన్‌వాడీల ఆన్‌లైన్ రిజిస్టరైన పోషణ్ ట్రాకర్‌లో చేర్చుకోవచ్చు. టీకాల కార్డు ఉంటే వెంట తేవాలి, లేకపోయినా ఏఎన్‌ఎమ్‌ను కలవండి.

ఒక్కటి జాగ్రత్త. యజమానికి చెప్పకుండా బట్టీలోకి వెళ్లకండి. మీరు ఇంటికి వెళ్లిపోతారు, మాట పడేది వాళ్లు. అయితే అడ్వాన్సు తీరలేదని మనుషుల్ని కదలనివ్వడం లేదనో, కూలి ఆపేశారనో వింటే అది సంఘాలు మాట్లాడి సర్దే వ్యవహారం కాదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద కలెక్టరు, ఆర్డీఓ చూడాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పండి, ఫోను 15100.

ప్రశ్న: హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది పలాస. పండగలకు వచ్చినప్పుడు మా ఊరి కుర్రాళ్లకు మోటివేషన్ క్లాసు చెబుదామనుకుంటున్నాను. ఏ సంఘాన్ని కలవమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

వద్దు బాబూ. మనవైపు కుర్రాళ్లకు కసి తక్కువేం లేదు. పదో తరగతి అయ్యాక ఏ కోర్సుకు ఏ తేదీలోగా దరఖాస్తు పెట్టాలి, కులం సర్టిఫికెట్టు ఎప్పుడు తీయించుకోవాలి, ఏ కాలేజీలో హాస్టల్ ఉంది – తెలియనివి ఇవి. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో మన కొబ్బరి తోటల ఉద్దానాన్ని పడగొట్టినప్పుడు కూడా ఇదే చూశాను. పాతబట్టల మూటలు రోడ్డు పక్కన తడిసి మురిగాయి. పడిన కొబ్బరి చెట్ల లెక్క రైతులతో కూర్చుని ఫారాల్లో రాసిపెట్టిన కుర్రాళ్లను మాత్రం జనం పేరుపెట్టి పిలిచారు. నువ్వు రానక్కర్లేదు. ఇద్దరు పిల్లల ఫోన్ నంబర్లు వాళ్ల అమ్మానాన్నలకు చెప్పి తీసుకో. ఆదివారం ఆదివారం మాట్లాడు. దరఖాస్తుల రోజుల్లో లాప్‌టాప్ ముందు కూర్చో. ఏడాది పాటు చెయ్యగలిగితే చెయ్యి.

ప్రశ్న: మా ఆయన గల్ఫ్‌లో ఉన్నారు. మొదటిసారి ఏజెంటు చేతిలో మోసపోయి తిరిగొచ్చి, మళ్లీ వెళ్లారు. మా ఊరి మహిళా సంఘం వాళ్లు నన్ను వలస కుటుంబాల వాలంటీరుగా ఉండమంటున్నారు. నేను ఇంటర్ దాకానే చదివాను. నా వల్ల ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, కవిటి మండలం

మీకన్నా తగినవాళ్లు దొరకరమ్మా. ఏజెంటు ఎంత తియ్యగా మాట్లాడతాడో సదస్సులో మైకు పట్టుకున్న మనిషికేం తెలుసు?

మూడు సంగతులు కంఠతా పట్టండి. ఒకటి, ఏజెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆ నంబరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో దొరుకుతుంది, ఇంట్లో ఏ పిల్లాడైనా ఫోనులో చూసి చెబుతాడు. రెండు, సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదివ్వాలి. లక్షల్లో, అదీ రసీదు లేకుండా అడుగుతున్నాడంటే అక్కడే ఆగాలి. మూడు, విజిట్ వీసా మీద పనికి వెళ్లకూడదు. "అక్కడికెళ్లాక మార్పిస్తాం" అన్నదే వాళ్ల పాత పాట. పది పాసవ్వనివాళ్లకు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఆ దారిలో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా కూడా ఉంటుంది.

నేనడిగితే మీరు చెయ్యాల్సిన అసలు పని ఇంకోటి. వెళ్లే ప్రతి మనిషి ఇంట్లో పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు, కంపెనీ పేరు, అక్కడ ఒక తోటి కార్మికుడి ఫోన్ నంబరు ఒక ఫైలులో పెట్టించండి. ఫైలు ఎక్కడుందో భార్యకో తల్లికో తెలియాలి. గల్ఫే కాదు, గుజరాత్ వేరావల్‌కు వేటకెళ్లే ఇళ్లలోనూ. 2018 నవంబరులో అక్కడినుంచి వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. బోటు నంబరు, యజమాని ఫోను ఇంట్లో ఉండి తీరాల్సిందేనని నేను పట్టుబట్టేది అందుకే.

ప్రశ్న: సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే ఇంటర్ అమ్మాయి, ఇంట్లో పెళ్లి కుదిర్చారని, ఎవరికీ చెప్పొద్దని ఏడ్చింది. మాటిచ్చాను. ఇప్పుడేం చెయ్యను?
– ఒక వాలంటీరు, చీపురుపల్లి

ఆ మాట నిలబెట్టుకోకండి. పద్దెనిమిది నిండని ఆడపిల్ల పెళ్లి 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పిల్లతో ముందే "నేనొక్కదాన్నీ ఆపలేను, ఆపగలిగేవాళ్లకు చెబుతున్నాను" అనండి. వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యండి, చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసులోనూ చెప్పొచ్చు. మీరు మాత్రం వాళ్లింటికి వెళ్లి తండ్రితో తగువు పెట్టుకోకండి. ముహూర్తం ముందుకు జరిపి, పిల్లను చుట్టాలింటికి పంపేస్తారు. ఆగిన తర్వాత మీ పని మొదలవుతుంది. ఆ పిల్ల ట్యూషన్ మానకుండా చూడండి. ఎందుకు కుదిర్చారో కనుక్కోండి. అప్పా, కాలేజీ దూరమా, తల్లిదండ్రులు వలస వెళ్తే పిల్ల ఒంటరిగా ఉంటుందని భయమా? హాస్టల్ సీటు దొరికితే సగం పెళ్లిళ్లు ఆగుతాయని నా నమ్మకం.

ప్రశ్న: పొందూరు నుంచి శ్రీకాకుళం వచ్చి వాలంటీరుగా చేస్తున్నాను. బస్సు చార్జీలు అడిగితే బాగుంటుందా?
– ఒక పాఠకుడు

శుభ్రంగా అడగండి. ఇవ్వలేమంటే పొందూరులోనే ఏదైనా పని చెప్పమనండి. మీ ఊళ్లోనూ బడి మానేసిన పిల్లలుంటారు.