నెట్‌వర్క్ లేని ఊళ్లకు ఎన్95తో దారి వెతుక్కున్న రోజులు

మీ నాన్నగారి బీరువాలో నోకియా ఎన్95 దొరికిందని రాశారు. నెట్ అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో దీంతో దారి ఎలా వెతుక్కునేవారని, సిమ్ లేకుండా ఇప్పటికీ జీపీఎస్ పనిచేస్తుందా అని అడిగారు. ఆ ఫోన్ నా జేబులో రెండేళ్లు ఉంది. 2009 నుంచి 2011 వరకు ప్రకాశం జిల్లాలో సెల్ టవర్ల మెయింటెనెన్స్‌లో పనిచేశాను. దర్శి, పొదిలి, కనిగిరి వైపు సైట్లు, అంటే టవర్లున్న చోట్లు, మావి. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో పదకొండు వేలు పెట్టి కొన్నాను. అప్పటి నా జీతానికి అది పెద్ద ఖర్చే.

ముందు ఒక మాట. జీపీఎస్ అంటే ఉపగ్రహాలు చెప్పేది విని మనం ఎక్కడున్నామో ఫోనే లెక్కగట్టుకోవడం, దానికి నెట్ అక్కర్లేదు. అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మలు దించుకోవడానికి, ఉపగ్రహాలను త్వరగా పట్టుకోవడానికి. ఈ తేడా తెలియక చాలామంది ఆ ఫోన్లను పనికిరానివని పక్కన పెట్టేశారు. నాకు ఈ తేడా ఉద్యోగం నేర్పింది. నాకు రాత్రిపూట ఫోన్ వచ్చిందంటే ఎక్కడో ఒక సైట్ డౌన్ అయినట్టే. కరెంటు పోయి గంటలు గడిచి, బ్యాటరీ బ్యాంకు అయిపోయి, డీజిల్ జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఆ టవర్ ఆగిపోతుంది. అంటే నేను ఏ ఊరికి వెళ్లాలో సరిగ్గా ఆ ఊళ్లోనే సిగ్నల్ ఉండదు. ఎవరికైనా ఫోన్ చేసి దారి అడుగుదామన్నా కుదరదు. టవర్ మీద ఎర్ర లైటు కూడా ఆరిపోయి ఉండేది, దూరం నుంచి చూసి పోల్చుకునే వీలు లేదు. అలాంటి చోట నాకు మిగిలింది ఆకాశం ఒక్కటే.

అంతకుముందు మాకు తెలిసిన లొకేషన్ సర్వీస్ వేరు. నోకియా ఫోన్లలో సెల్ ఇన్ఫో డిస్‌ప్లే ఆన్ చేసి 050 ఛానెల్ పెట్టుకుంటే, టవర్ పంపే ఏరియా పేరు స్క్రీన్ మీద కనిపించేది. మీ నాన్నగారిని అడగండి, ఆయనకు గుర్తుండే ఉంటుంది. ఒంగోలులో బస్సెక్కి నిద్రపోయి, మెలకువ వచ్చి ఫోన్ చూస్తే చీమకుర్తి అనో పొదిలి అనో ఉండేది. మాలాంటి వాళ్లకు ఇంకో ఉపయోగం కూడా ఉండేది. రోజూ కనిపించే ఊరి పేరు బదులు పక్క ఊరి పేరు వచ్చిందంటే, ఈ ఊరి టవర్‌కి ఏదో అయిందని అలారం రాకముందే తెలిసిపోయేది.

2007 నవంబరులో గూగుల్ తన మొబైల్ మ్యాప్స్‌లో మై లొకేషన్ అని ఒకటి తెచ్చింది. జీపీఎస్ లేని ఫోన్లలో కూడా పనిచేసేది. ఫోన్ ఏ టవర్‌కి తగులుకుని ఉందో ఆ నంబరు నెట్ ద్వారా పంపితే, మీరు దాదాపు ఇక్కడున్నారని మ్యాప్ మీద ఒక వలయం చూపించేది. అమీర్‌పేటలో అది చాలా బాగా పనికొచ్చింది, ఎందుకంటే అక్కడ టవర్లు పక్కపక్కనే. దర్శి దాటాక అదే వలయంలో ఐదారు ఊళ్లు పట్టేవి. 2జీ ఫోన్ల పద్ధతి అయిన జీఎస్ఎం లెక్క ప్రకారం ఒక టవర్ మామూలుగా 35 కిలోమీటర్ల దూరం దాకా ఫోన్‌ని పట్టుకోగలదు. పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి, టవర్‌ని బట్టి చెప్పే చోటు కూడా అంత వెడల్పుగానే ఉంటుంది.

ఇక నెట్ సంగతి. ప్యాక్ లేకుండా వాడితే 10 కేబీకి 10 పైసలు, అంటే ఎంబీకి పది రూపాయలు. మ్యాప్ తెరిచి అటూ ఇటూ జరిపితే ఆ జరిపిన ప్రతిచోటా బొమ్మలు దిగేవి, బ్యాలెన్స్ కరిగిపోయేది. ఫోన్ నెట్‌లోకి వెళ్లే దారులు, అంటే యాక్సెస్ పాయింట్లు, రెండు ఉండేవి. ఫోన్ కోసం చేసిన చిన్న పేజీలకు వ్యాప్ ఒకటి, మామూలు నెట్‌కి ఇంటర్నెట్ ఒకటి. ప్యాక్ వేసుకున్నా ఫోన్‌లో తప్పుది ఎంచుకుంటే డబ్బులు విడిగా కట్ అయ్యేవి. నాకు ఒకసారి రాత్రికి రాత్రి నూట ఎనభై రూపాయలు పోయాయి, కస్టమర్ కేర్‌తో ఎంత మాట్లాడినా తిరిగి రాలేదు. పేజీలు చూడటానికి ఒపెరా మినీ అనే బ్రౌజర్ వాడేవాణ్ణి. అది పేజీని తన సర్వర్‌లోనే కుదించి పంపుతుంది కాబట్టి ఆ స్పీడులో కూడా ఏదో ఒకటి కనిపించేది.

సాయంత్రం ఏడు దాటాక పల్లెల్లో నెట్ ఎందుకు కదిలేది కాదో టవర్ పక్కన నిలబడి పనిచేశాక అర్థమైంది. 2జీలో ఒక్కో ఫ్రీక్వెన్సీని 8 టైమ్‌స్లాట్లుగా పంచుతారు. చిన్న ఊరి టవర్‌లో ఉండేవే కొద్దిపాటి స్లాట్లు. వాటిలో మాటలకే మొదటి చోటు, మిగిలిన వాటిలోనే డేటా. అందరూ పొలం నుంచి ఇంటికొచ్చి ఫోన్లు మాట్లాడుకునే వేళకు డేటాకి మిగిలేది ఏమీ ఉండదు. పైగా మ్యాప్ దిగుతుండగా మనకే కాల్ వస్తే నెట్ ఆగిపోయేది. అందుకని రాత్రి నెట్‌ని నమ్ముకుని బయల్దేరడం మానేశాను. నోకియా మ్యాప్ లోడర్ అని కంప్యూటర్‌లో వేసుకునే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. దాంతో ఒంగోలులో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని, మెమరీ కార్డులోకి మ్యాప్‌లు ఎక్కించుకున్నాను. తీరా చూస్తే మా వైపు మ్యాప్‌లో పెద్ద రోడ్లు, పట్టణాల పేర్లు తప్ప ఏమీ లేవు. ఖాళీ తెలుపు మీద నేనున్న చుక్క ఒక్కటే.

అయినా ఆ చుక్క చాలు. అది రావడానికే ఓపిక కావాలి. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాము ఎక్కడున్నామో సెకనుకు 50 బిట్ల వేగంతో చెబుతుంటాయి. 2జీ నెట్ అయిన జీపీఆర్ఎస్ కన్నా ఎన్నో రెట్లు నెమ్మది. ఒక ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. మధ్యలో చెట్టు కిందికి వెళ్లినా, చెయ్యి అడ్డం పడినా కొంత జారిపోతుంది, మళ్లీ తర్వాతి విడత దాకా ఆగాలి. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి ఇలా వినాలి. అందుకే నడుస్తూ, బండి నడుపుతూ ప్రయత్నించిన వాళ్లకు పది పదిహేను నిమిషాలైనా దొరికేది కాదు. బండి ఆపి, రోడ్డు పక్కన చెట్లు లేని చోట నిలబడి, ఫోన్ కదపకుండా పట్టుకుంటే దొరికేది. ఎన్95లో యాంటెన్నా నంబర్ల కీప్యాడ్ వైపు ఉంటుంది. స్లైడ్ తెరిచి పట్టుకోవాలి. ఈ ఒక్క సంగతి తెలియక నేను మొదటి పది రోజులు ఫోన్ పాడైందనుకున్నాను.

తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఈ ఫోన్‌కి అసిస్టెడ్ జీపీఎస్ వచ్చింది. ఉపగ్రహం చెప్పే వివరాలనే నెట్‌లో ఒక సర్వర్ నుంచి కొద్ది కేబీల్లో తెచ్చుకోవడం అన్నమాట. ఆ వివరాలు ఇంచుమించు నాలుగు గంటలు పనికొస్తాయి. నేను దీన్ని ఇలా వాడుకున్నాను. సిగ్నల్ బాగా ఉండే పొదిలి బస్టాండు దగ్గర ఆగి ఒకసారి చోటు పట్టుకునేవాణ్ణి. అక్కణ్ణుంచి సిగ్నల్ లేని ఊరికి వెళ్లాక మళ్లీ ఆన్ చేస్తే, నెట్ లేకపోయినా అర నిమిషం లోపే దొరికేది. అన్నేళ్లలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన కిటుకు ఇదే.

మ్యాప్ ఖాళీ అయినప్పుడు దారి ఎలా అంటారా? ఆ ఫోన్ టూల్స్‌లో జీపీఎస్ డేటా అని ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. వెళ్లాల్సిన చోటు అక్షాంశం, రేఖాంశం ఇస్తే దిక్సూచి లాంటి ఒక వలయం వస్తుంది. వలయం మీద ఎర్ర చుక్క ఎటు ఉంటే గమ్యం అటు. లోపల దూరం ఉంటుంది. అంతే. రోడ్డు, ఊరు, చెరువు ఏదీ దానికి తెలియదు, తిన్నగా గీత గీసి చెబుతుంది. ఆ ఫోన్‌లో అయస్కాంత దిక్సూచి లేదు కాబట్టి, మనం కదులుతుంటేనే దిక్కు సరిగ్గా చూపిస్తుంది.

మొదటి వానాకాలంలో ఒక రాత్రి దర్శి దగ్గర ఒక సైట్ కోసం దాన్నే నమ్ముకుని వెళ్లాను. దూరం తగ్గుతూ వస్తోంది. రెండు కిలోమీటర్లు, ఒకటిన్నర, ఏడు వందల మీటర్లు. మట్టిబాట ఎక్కి చూస్తే ఎదురుగా సాగర్ కాలువ నిండుగా పారుతోంది. చుక్క అవతల గట్టు వైపు చూపిస్తోంది. అర్ధరాత్రి, చినుకులు, కింద బంకమట్టి. నిజంగా టెన్షన్ పడ్డాను. పొలానికి నీళ్లు పెట్టుకోవడానికి లాంతరు పట్టుకుని వచ్చిన పెద్దాయన ఒకరు నన్ను చూసి ఆగారు. "అబ్బాయా, టవర్ అవతల ఉంది. ఇటు ఎట్టా పోతావు? వెనక్కి తిరిగి వంతెన కాడికి పో" అన్నారు. వంతెన దగ్గరికి నాలుగు కిలోమీటర్లు వెనక్కి రావాల్సి వచ్చింది.

ఆ రాత్రి నుంచి నా పద్ధతి మారింది. ఫోన్‌లో లాండ్‌మార్క్స్ అని ఉంటుంది, చోట్లు పేరు పెట్టి దాచుకోవచ్చు. అప్పటిదాకా టవర్లు మాత్రమే దాచేవాణ్ణి. తర్వాత ఒక్కో సైట్‌కి మూడు చోట్లు దాచడం మొదలుపెట్టాను. తారు రోడ్డు వదిలే మలుపు ఒకటి, కాలువ మీదో వాగు మీదో దాటే చోటు ఒకటి, చివరికి టవర్. ఎర్ర చుక్కను ఒక చోటి నుంచి ఇంకో చోటికి పట్టుకుని వెళితే, మ్యాప్ లేకపోయినా అది దారే. పగలు మామూలు సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడల్లా ఆగి దాచుకున్నాను. ఏడాది తిరిగేసరికి 86 సైట్లవి ఉన్నాయి. బ్లూటూత్‌లో మా టీమ్‌లోని నలుగురికి పంపించాను. వాటిలో ఒక్కటి కూడా ఏ కంపెనీ మ్యాప్‌లోనూ లేదు. ఇప్పటికీ ఆ జాబితా అంటే నాకు గర్వమే.

లెక్క తప్పితే మాత్రం ఉపగ్రహం ఏమీ చేయలేదు. ఆఫీసు నుంచి వచ్చిన సైట్ల షీటులో కొన్ని డిగ్రీల దశాంశంలో, కొన్ని డిగ్రీలు నిమిషాల్లో ఉండేవి, ఏది ఏదో రాసి ఉండేది కాదు. దర్శి దగ్గరి సైట్‌కి 15.45, 79.40 అని రాసి ఉంది. వాళ్ల ఉద్దేశం 15 డిగ్రీల 45 నిమిషాలు, 79 డిగ్రీల 40 నిమిషాలు. నేను దశాంశంగా కొట్టాను. 15.45 డిగ్రీలంటే 15 డిగ్రీల 27 నిమిషాలే. ఉత్తర దక్షిణాల్లో ఒక్క నిమిషం తేడా అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు. 18 నిమిషాలకు 33 కిలోమీటర్లు, రేఖాంశంలో తేడా కలుపుకుంటే 40 పైనే. ఆ సైట్ పేరు కొత్తపాలెం. ఆ పేరుతో ఊళ్లు ఎన్నో ఉంటాయి కాబట్టి నాకు అనుమానం రాలేదు. కనిగిరి దాటి చేలల్లోకి వెళ్లాక గానీ తెలియలేదు. ఆ రోజు ఆ ఊరికి సిగ్నల్ మధ్యాహ్నం దాకా లేదు. అప్పట్లో పల్లెలో ఒక్క టవర్ ఆగితే అంబులెన్సుకి ఫోన్ చేయడానికి కూడా మరో దారి లేని ఇళ్లు ఎన్నో. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2010 జనవరిలో నోకియా తన మ్యాప్ ప్రోగ్రామ్ ఓవీ మ్యాప్స్‌లో దారి చెప్పే సౌకర్యాన్ని ఉచితం చేసింది. మొదట ఇచ్చిన మోడళ్లలో ఎన్95 లేదు, 5230 ఉంది. అది కొన్నాను. వైఫై లేదు గానీ, స్క్రీన్ పెద్దది, బ్యాటరీ 1320 ఎంఏహెచ్. ఎన్95లో 950 మాత్రమే, జీపీఎస్ ఆన్‌లో పెడితే మూడు గంటలు కూడా నాకు ఆగేది కాదు. ఇంకో బ్యాటరీ ఎప్పుడూ జేబులో ఉండేది, లేదంటే సైట్‌కి చేరి జనరేటర్ స్టార్ట్ చేశాక టవర్ పక్కనుండే పరికరాల గదిలోనే చార్జింగ్ పెట్టుకునేవాణ్ణి.

ఇక మీ ఫోన్ విషయం. ముందు వెనక మూత తీసి బ్యాటరీ చూడండి. కొంచెం ఉబ్బినట్టున్నా చార్జింగ్ పెట్టొద్దు, బీఎల్-5ఎఫ్ అని అడిగి వేరేది తెచ్చుకోండి. ఆన్ అయ్యాక సెట్టింగ్స్‌లో పొజిషనింగ్‌లోకి వెళ్లి అసిస్టెడ్ జీపీఎస్ తీసేసి, ఇంటిగ్రేటెడ్ జీపీఎస్ మాత్రం ఉంచండి. సిమ్ అవసరం లేదు. డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకుకి దూరంగా, స్లైడ్ తెరిచి, స్క్రీన్ ఆకాశం వైపు కాస్త వాల్చి ఎక్కడైనా ఆనించి పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు. ఏళ్ల తరబడి ఆఫ్‌లో ఉంది కాబట్టి ఉపగ్రహాలను మొదటి నుంచి వెతుక్కోవాలి, పావుగంట పైనే పట్టొచ్చు. తేదీ చెప్పడానికి జీపీఎస్ వాడే వారాల లెక్క 2019 ఏప్రిల్‌లో మళ్లీ సున్నా నుంచి మొదలైంది, అందువల్ల పాత రిసీవర్లలో తేదీ తప్పుగా కనిపించే అవకాశం ఉంది. దానికి కంగారు పడకండి.

చోటు దొరికాక లాండ్‌మార్క్స్ కూడా ఒకసారి తెరిచి చూడండి. మీ నాన్నగారు ఏవైనా చోట్లు దాచుకుని ఉంటే అందులోనే ఉంటాయి. ఫోన్ రీసెట్ చేయకముందే వాటిని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.