తాత బర్మా యుద్ధంలో పోయారు, డెత్ సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాది చెన్నై, పాత వాషర్‌మెన్‌పేట. అమ్మ నెలల పిల్లగా ఉండగా తాత మిలిటరీ లారీ డ్రైవర్‌గా బర్మా వెళ్లి 1944లో చనిపోయారు. తంతి వచ్చింది, మనిషి రాలేదు. మా వీధి రామమందిరంలో ఇప్పటికీ ఆయన ఫొటో ఉంది, ఏటా ఎండాకాలం ఆయన పేరున చలివేంద్రం పెడతారు. తాత సొంత డబ్బుతో కొన్న ఇంట్లోనే అమ్మమ్మ 1979లో పోయేదాకా ఉంది. అమ్మ ఒక్కతే సంతానం. ఇప్పుడు తాత తమ్ముడి మనవళ్లు వచ్చి, "డెత్ సర్టిఫికెట్ ఏది? ఆ రోజుల్లో ఆడవాళ్లకు ఆస్తి ఎక్కడిది?" అని వాటా అడుగుతున్నారు. కార్పొరేషన్‌లో రికార్డు లేదన్నారు. అమ్మకు ఇదే టెన్షన్.

జవాబు: ముందు మీ అమ్మగారికి ధైర్యం చెప్పండమ్మా. కార్పొరేషన్ తన హద్దుల్లో జరిగిన మరణాలనే రాసుకుంటుంది. బర్మాలో పోయిన మనిషి పేరు చెన్నై రిజిస్టర్‌లో ఎందుకుంటుంది? ఇక అక్కడికి తిరగడం మానేయండి. మరణాన్ని ఆ ఒక్క కాగితంతోనే రుజువు చేయాలని ఏ చట్టమూ చెప్పలేదు.

ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టే కదా అని ఎవరైనా సలహా ఇస్తారు. కొత్త సాక్ష్య చట్టం (2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్) 111వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. కానీ దాని వల్ల మనిషి లేడని మాత్రమే తేలుతుంది, ఏ రోజు పోయాడో తేలదు. సుప్రీంకోర్టు 2004లో ఎల్ఐసీ కేసులో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. మీ ఇంటికి తంతి వచ్చింది కాబట్టి మీకు ఆ దారి అక్కర్లేదు. తేదీతో సహా రుజువు దొరుకుతుంది.

నందంబాక్కంలోని యుద్ధ శ్మశానాన్ని చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన మన సిపాయిల వివరాలు కూడా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకవచ్చు. నంబరు, యూనిట్, చనిపోయిన తేదీ ఉంటాయి, చాలామందికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి. బర్మాలో పోయి సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో చెక్కారు. దహనం చేసినవారికి అక్కడే వేరే స్మారకం ఉంది. అధికారి, డ్రైవర్ అని హోదాను బట్టి తేడా చూపకూడదన్నది ఆ కమిషన్ నియమం. మీ తాతగారి పేరు కనిపించినప్పుడు మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. మన పేర్లు అక్కడ రకరకాల స్పెల్లింగ్‌లతో ఎక్కాయి, కాబట్టి ఒక్కసారి దొరకలేదని వదిలేయకండి. తప్పు ఉంటే పాత కాగితాలు చూపించి సరిచేయమని అడగవచ్చు.

అయితే ఆ ఒక్క ప్రింటవుట్‌తో కోర్టుకు వెళ్లకండి. అమ్మమ్మగారి ట్రంకు పెట్టె తెరవండి. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, ఆ తంతి, మెడల్ ఏది ఉన్నా బంగారమే. 30 ఏళ్లు దాటిన కాగితం, ఉండాల్సిన చోటి నుంచే వస్తే, అదే సాక్ష్య చట్టం 92వ సెక్షన్ కింద కోర్టు దాన్ని నిజమైనదిగా తీసుకోవచ్చు. పెన్షన్ కాగితం మీద సిపాయి నంబరు ఉంటే ఆ నంబరుతో ఆర్మీ రికార్డ్స్ ఆఫీసుకు రాయండి.

ఇక ఆడవాళ్లకు ఆస్తి లేదన్న మాట. 1944 నాటికే హిందూ స్త్రీల ఆస్తి హక్కుల 1937 చట్టం ఉంది. మగపిల్లలు లేని భర్త సొంత ఆస్తి భార్యకే వచ్చేది, బతికినంత కాలం అనుభవించే హక్కుగా. అది ఉమ్మడి ఇల్లని వాళ్లు వాదించినా, ఆయన భాగం ఆమెదే. 1956లో హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వచ్చి, ఆమె చేతిలో ఉన్న ఆ హక్కును పూర్తి హక్కుగా మార్చింది. 1979లో ఆమె వీలునామా రాయకుండా పోయి ఉంటే 15వ సెక్షన్ ప్రకారం ఇల్లు బిడ్డకే, అంటే మీ అమ్మగారికే. బిడ్డ ఉండగా భర్త తమ్ముడి వాళ్లకు అందులో చోటు లేదు.

తహసీల్దార్ ఇచ్చే వారసుల సర్టిఫికెట్ హక్కును తేల్చదు, దాని కోసం నెలలు పోగొట్టుకోవద్దు. వాళ్లు ఒప్పుకోకపోతే ఇల్లు మీ అమ్మగారిదేనని ప్రకటించమని సివిల్ కోర్టులో హక్కు ప్రకటన దావా వేయండి. 1979 నుంచి కట్టిన ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు జాగ్రత్త చేయండి. మీ అమ్మగారికి 80 దాటి ఉంటాయి, దావా వేస్తే ఆమె సాక్ష్యాన్ని ముందుగా నమోదు చేయించమని మీ లాయర్‌కు మొదటి రోజే చెప్పండి.