పిల్లల చదువు డబ్బుతో అప్పు తీర్చడం తప్పా?

చీరాల నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమె వయసు 34. భర్త పోయి పద్నాలుగు నెలలైంది. పాప ఎనిమిదో తరగతి, బాబు ఐదో తరగతి. ఇద్దరూ ప్రభుత్వ బడిలోనే చదువుతున్నారు. సొంత ఇల్లు, రెండు గదులు. కుట్టుపని మీద నెలకు సుమారు 5,000 రూపాయలు, వితంతు పెన్షన్ 4,000 వస్తాయి. భర్త ఆసుపత్రి ఖర్చుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 60,000 అప్పు అలాగే ఉంది. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఏటా ఇచ్చే తల్లికి వందనం కింద ఇద్దరు పిల్లలకు 26,000 ఆమె ఖాతాలో పడింది. అప్పుకు కడదామంటే ‘అది పిల్లల చదువు డబ్బు, ముట్టుకోకూడదు’ అని మనసు ఒప్పుకోవడం లేదట. ఆడపిల్ల ఉంది కాబట్టి బంగారం కొనమని బావగారు అంటున్నారు. పాపను బడి మాన్పించి మిషను మీద కూర్చోబెడితే రాబడి పెరుగుతుందని మరొకరి సలహా. చివర్లో ఆమె ఇలా రాశారు: ‘ప్రభుత్వ డబ్బుతో బతుకుతున్నానని చుట్టుపక్కల వాళ్లు అంటుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను.’

అమ్మా, ముందు మీ అప్పు లెక్క చూద్దాం. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. అరవై వేల మీద నెలకు 1,800 చొప్పున ఈ పద్నాలుగు నెలల్లో మీరు కట్టింది 25,200. అసలు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. పిల్లలిద్దరి పేరా ఏడాదికొకసారి వచ్చే డబ్బు ఎంతో, దాదాపు అంత వడ్డీ పట్టుకుపోయింది. పాపను బడి మాన్పించాలన్న మాట మీ ఇంటి గడప లోపలికి వచ్చిందంటే దారి ఇచ్చింది ఈ అప్పే. అందుకే ఆ డబ్బులో పెద్ద భాగం అప్పుకు కట్టండి. అది చదువు కోసం ఖర్చు పెట్టినట్టే. పుస్తకాలు, సంచీ, యూనిఫారం, మధ్యాహ్న భోజనం బడిలోనే అందుతున్నాయి కాబట్టి ఇప్పుడు చదువుకు అడ్డు ఫీజు కాదు, వడ్డీ.

మొత్తం మాత్రం కట్టేయకండి. 20,000 అసలుకు జమ చేసి, 6,000 పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఉంచండి. బాబుకు జ్వరం వచ్చినా, మిషను మోటారు కాలిపోయినా మళ్లీ అదే వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా ఆపేది ఆ ఆరు వేలే. చేతిలో పైసా లేకుండా అప్పు తీర్చినవాళ్లు మూడు నెలలు తిరగకుండా మళ్లీ అప్పు చేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇక మిగిలేది 40,000. మీరు డ్వాక్రా సంఘంలో ఉన్నానని రాశారు. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ధైర్యం కలిగించిన మాట అదే. సంఘానికి బ్యాంకు ఇచ్చే రుణం రూపాయి వడ్డీకి అటూ ఇటూగా దొరుకుతుంది, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే. మీ వంతుగా 40,000 అడగండి. రూపాయి వడ్డీ లెక్కన 24 నెలల వాయిదా దాదాపు 1,883. ఇప్పుడు వడ్డీకే పోస్తున్న 1,800కు మరో 83 రూపాయలు కలిపితే రెండేళ్లలో అసలుతో సహా తీరిపోతుంది. ఈ ఒక్క మార్పుకు ఉన్న బలం ఎంతటి పొదుపు పథకానికీ లేదు. సంఘం సమావేశంలో అడగడానికి మొహమాటపడకండి, సంఘం ఉన్నది ఇందుకే.

ఒకవేళ సంఘం రుణం ఆలస్యమైతే ఏం చేయాలి? అసలు 40,000కు దిగుతుంది కాబట్టి నెల వడ్డీ 1,200 అవుతుంది. మిగిలిన 600ను ఇంటి ఖర్చులో కలపకుండా పక్కన పెట్టండి. వడ్డీ వ్యాపారులు వందల్లో అసలు జమ చేసుకోరు కాబట్టి అయిదు వేలు కాగానే తీసుకెళ్లి కట్టండి. వచ్చే ఏడాది కూడా పిల్లల డబ్బు వస్తే అప్పు చాలావరకు తీరిపోతుంది. వస్తుందన్న నమ్మకంతో ఇప్పుడే కొత్త ఖర్చు మాత్రం పెట్టుకోవద్దు. పథకాల నిబంధనలు మారుతూ ఉంటాయి.

బావగారి మాటలో ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ 36 శాతం వడ్డీ కడుతూ బంగారం కొంటే, ఆ బంగారం ధర ఏటా అంతకన్నా ఎక్కువ పెరిగితేనే మీకు లాభం. పైగా అత్యవసరం వచ్చిన రోజు అది తాకట్టుకే పోతుంది. అప్పు తీరాక నెలకు అయిదు వందల చొప్పున పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, పాప పేరు మీద అనుకోండి. బావగారికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే కాదనరు.

పెన్షన్ గురించి. నాలుగు వేలు చిన్న మొత్తమని మీరు రెండుసార్లు రాశారు. నేను దాన్ని వేరేలా చూస్తాను. కుట్టుపని పెళ్లిళ్ల కాలంలో పెరుగుతుంది, మూఢం వస్తే, ఆషాఢం వస్తే పడిపోతుంది. పెన్షన్‌కు మూఢం లేదు. నెల మొదట్లో ఇంటికే వస్తుంది. తేదీ తెలిసిన డబ్బు ఉన్న ఇల్లు కిరాణా కొట్లో ఖాతా పెట్టదు, పాల బాకీ పెట్టదు. అందుకే పప్పు, నూనె, పాలు, గుడ్లు, కరెంటు బిల్లు ఈ నాలుగు వేలలోనే సరిపెట్టండి. కుట్టు డబ్బులో మొదటి 1,900 అప్పు వాయిదాకు తీసి, మిగిలినదానితో దారాలు, లైనింగు, ఇతర ఖర్చులు చూసుకోండి. పని ఎక్కువగా ఉన్న నెలలో మిగిలింది ఆ ఆరు వేల ఖాతాలోకే వెళ్లాలి. తెలంగాణలో ఈ పెన్షన్ 2,016 రూపాయలే కాబట్టి, అక్కడి పాఠకులు ఇదే పద్ధతిని బియ్యం, పప్పు వరకే పరిమితం చేసుకోవాలి.

సిగ్గు గురించి మీరు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీరు కొనే దారపు ఉండ మీద, లైనింగు గుడ్డ మీద, పిల్లలకు కొనే బిస్కెట్ పొట్లం మీద పన్ను కడుతున్నారు. ఇద్దరి సంపాదన ఉండాల్సిన ఇంటిని ఒక్కరే లాగుతున్నప్పుడు ఆ పన్నుల్లోంచి కొంత మీ ఇంటికి తిరిగి రావడం దానం కాదు. చేతికి డబ్బు ఇస్తే పేదవాళ్లు పాడుచేస్తారన్న అనుమానం పాతదే. 2011లో మధ్యప్రదేశ్‌లోని కొన్ని గ్రామాల్లో ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యునిసెఫ్ తోడ్పాటుతో, ఏ షరతూ లేకుండా పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చి చూశారు. తర్వాత దాన్ని 300, 150 చేశారు. పిల్లల వాటా తల్లి చేతికే ఇచ్చారు. తాగుడు పెరగలేదు. తిండి మెరుగుపడింది, పిల్లలు బడికి వెళ్లడం పెరిగింది, అప్పులు తగ్గాయి. మీ ఉత్తరం చదివితే నాకు అదే కనిపించింది. ఇరవై ఆరు వేలు చేతికి రాగానే మీకు వచ్చిన మొదటి ఆలోచన అప్పు తీర్చడమే కదా.

మీరు ఇంకా అడగని సాయం ఒకటి ఉంది. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద, తండ్రి లేని పిల్లలకు స్పాన్సర్‌షిప్‌గా ఒక్కొక్కరికి నెలకు 4,000 ఇస్తారు. కుటుంబ ఆదాయం పట్టణాల్లో ఏడాదికి 96,000, పల్లెల్లో 72,000 దాటకూడదు. మీ కుట్టు రాబడి ఏడాదికి 60,000, పెన్షన్ కూడా కలిపితే 1,08,000 అవుతుంది కాబట్టి పెన్షన్‌ను ఆదాయంగా లెక్కిస్తారా అని ముందే అడగండి. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి చేయాలి, మీకైతే అది బాపట్లలో. భర్త మరణ ధ్రువపత్రం, పిల్లల ఆధార్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ నకలు పట్టుకెళ్లండి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇప్పుడు మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి ఒకటికి రెండుసార్లు తిరగాల్సి వచ్చినా ఛార్జీల భారం ఉండదు. ఎంపిక జిల్లా కమిటీ చేతిలో ఉంటుంది, అందుకే పై లెక్కలో నేను ఈ డబ్బు కలపలేదు. వస్తే పిల్లల పేరునే ఉంచండి.

మీ భర్త పాస్‌బుక్ పాతదైనా తీసి చూడండి. ఏటా 436 లేదా 20 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి లేదా సురక్షా బీమా ప్రీమియం. జీవన్‌జ్యోతి ఉండి, ఆయన పోయిన నాటికి అమల్లో ఉంటే రెండు లక్షలు రావాలి. సురక్షా బీమా ప్రమాదాలకే వర్తిస్తుంది. రెండో మాట, ఇవే రెండు బీమాలు ఇప్పుడు మీ పేరు మీద తీసుకోండి. ఏడాదికి రెండూ కలిపి 456 రూపాయలు. ఇప్పుడు ఆ పిల్లలకు ఉన్నది మీరొక్కరే.

20,000 కట్టిన రోజు ప్రామిసరీ నోటు వెనుక తేదీతో చెల్లు రాయించి, సంతకం పెట్టించుకోండి. పక్కన బావగారిని సాక్షిగా కూర్చోబెట్టండి. సంఘం రుణంతో మిగతాది తీర్చిన రోజు ఆ నోటు అక్కడే అడిగి వెనక్కి తెచ్చుకోండి.