టీర్ కుడిచేయి

చెల్లాయికి ఆశీస్సులు.

నీ వైకింగ్ నవల మొదటి నాలుగు అధ్యాయాలు చదివాను. భాష నీ చెప్పుచేతల్లో ఉంది. నడిసముద్రంలో తుపాను రేగే ఘట్టం ఊపిరి బిగబట్టి చదివాను. కానీ నీ దేవతల రాజు ఓడిన్ నాకు నచ్చలేదు. సింహాసనం మీద కూర్చుని, అడిగినవారికి అడిగినట్టు వరాలిస్తున్నాడు. ఆయన మన పురాణాల్లోంచి నడిచి వెళ్లినట్టున్నాడు.

ఆ ఉత్తర ఐరోపా గాథల్లో ఏదీ ఊరికే రాదు. జ్ఞానమిచ్చే మీమిర్ బావిలోని నీళ్లు తాగడానికి ఓడిన్ తన కన్ను ఇచ్చుకున్నాడు. రూన్ అక్షరాల రహస్యం కోసం తొమ్మిది రాత్రులు చెట్టుకు వేలాడాడు. మన దేవతలు అమృతం తాగి అమరులయ్యారు. వాళ్ల దేవతలు ఇదున్ అనే దేవత ఇచ్చే ఆపిల్ పండ్లు తిని ముసలితనాన్ని ఆపుకుంటారే గాని, చావును తప్పించుకోలేరు. రాగ్నరోక్ నాడు, అంటే లోకం అంతమయ్యే యుద్ధం నాడు, తాను తోడేలు నోట పడతానని ఓడిన్‌కు తెలుసు. తెలిసే యుద్ధానికి వెళ్తాడు.

1220 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టర్లూసన్ రాసిన ఎడ్డా అనే గాథల గ్రంథంలో ఆ తోడేలు ఫెన్రిర్‌ను బంధించే కథ ఉంది, నిదానంగా చదువు. రెండు సంకెళ్లను అది తెంచేసింది. మూడోసారి దేవతలు పట్టుదారంలా మెత్తగా ఉన్న పట్టీ తెచ్చారు. పిల్లి అడుగుల చప్పుడు, ఆడవాళ్ల గడ్డం, చేప ఊపిరి వంటి లేని వస్తువులతో మరుగుజ్జులు చేసినది. తోడేలుకు అనుమానం వచ్చింది. మోసం లేదనడానికి హామీగా ఎవరైనా నా నోట్లో చేయి పెట్టండి అంది. దేవతలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిన్నప్పటినుంచి దానికి దగ్గరకెళ్లి తిండి పెట్టిన టీర్ అనే దేవుడొక్కడే కుడిచేయి పెట్టాడు. పట్టీ బిగుసుకుంది, తోడేలు గింజుకుంది, అందరూ నవ్వారు. టీర్ నవ్వలేదు. అతని చేయి పోయింది. గెలిచింది దేవతలే, మాట తప్పిందీ దేవతలే. నీ నవలకు కావలసిన నైతిక సంఘర్షణ అంతా ఆ నవ్వులో ఉంది.

మనుషుల జీవితంలోనూ అంతే. నీ ఓడకు తెల్లటి పట్టు తెరచాప కట్టావు. అది ఉన్నితో నేసినదై ఉండాలి. గొర్రెల ఉన్ని తీసి, దువ్వి, కదురు మీద వడికి, రాళ్లు వేలాడదీసిన నిలువు మగ్గాల మీద ఆడవాళ్లు నెలల తరబడి నేసేవారు. గాలి జారిపోకుండా దానికి కొవ్వు పట్టించేవారు. నీ కథలో ఆ ఆడవాళ్లు ఒక్కరూ లేరు. దోపిడీలో పట్టి తెచ్చిన బానిసలూ లేరు. ఆ ఇంట్లో పనంతా ఎవరు చేస్తున్నారు?

మూడో అధ్యాయంలో నీ కథానాయకుడు పక్క పొలంవాణ్ణి నరికి, ఇంటికొచ్చి తేనెమద్యం తాగి పడుకున్నాడు. ఐస్‌లాండ్ చట్టం ప్రకారం, చంపినవాడు ఆ సంగతి బాహాటంగా ప్రకటించాలి. దాచిపెడితే అది మరింత హీనమైన నేరం. ఆ తరువాత ఆల్థింగ్ అనే దేశసభలో వ్యాజ్యం, మృతుడి బంధువులకు పరిహారం. లేదంటే వెలి. వెలివేసినవాణ్ణి ఎవరు చంపినా అడిగేవారుండరు. కత్తియుద్ధం ఒక పేజీలో ముగించి, ఈ గొడవకు పది పేజీలు ఇవ్వు.

కొమ్ముల శిరస్త్రాణాలు తీసెయ్యి. అవి 19వ శతాబ్దపు రంగస్థలం తెచ్చిపెట్టిన వేషం.

మూడో అధ్యాయాన్ని హత్య జరిగిన మరునాటి ఉదయంతో మొదలుపెట్టి, మృతుడి భార్య వైపునుంచి తిరగరాసి పంపు. తుపాను ఘట్టం మాత్రం ముట్టుకోవద్దు.

మీ అన్నయ్య