మైనస్ 20లో మీ రోబో వేలు ఎందుకు వంగట్లేదంటే...

ప్రశ్న: సార్, మేం విజయవాడలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాం. ఐస్‌క్రీమ్ డబ్బాలు ఎత్తడానికి, గాలి నింపితే వంగే సిలికాన్ వేళ్లతో గ్రిప్పర్ చేశాం. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. ఆటోనగర్‌లో మైనస్ 20 డిగ్రీల కోల్డ్ రూములో పెడితే పావుగంటకే వేళ్లు కదలడం మానేశాయి. సిలికాన్ మార్చాలా? కంట్రోల్ బోర్డు ఫొటో కూడా పంపుతున్నాం.

జవాబు: మార్చకండి. ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తున్నాయి, అందరూ రబ్బరు మీదే నేరం మోపుతున్నారు. మామూలు సిలికాన్ మైనస్ 40 దాకా మెత్తగానే ఉంటుంది. అంతకంటే బాగా కిందికి వెళ్లే పనైతేనే ఫినైల్ (నేల తుడిచే ఫినాయిల్ కాదు, ఒక రసాయన భాగం) కలిసిన సిలికాన్ రకం వెతుక్కోవాలి.

అసలు తంటా కంప్రెసర్ పీల్చే గాలితో. 35 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 40 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. మైనస్ 20లో సుమారు ఒక్క గ్రామే. కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో నింపిన గాలిని ఆ గదిలోకి పంపితే మిగతా నీళ్లు ఎక్కడికి పోతాయి? ఒకసారి ఇలాంటి గ్రిప్పర్ ట్యూబు నేనే విప్పి చూశాను. ఎల్బోలో, అంటే ట్యూబు మలుపు దగ్గరి ముక్కలో, బియ్యపు గింజంత మంచు, తెల్లగా, గట్టిగా. వేలు ఆగిపోవడానికి అది చాలు. కంప్రెసర్ కింద నీళ్లు వదిలే చిన్న ఫిల్టర్ దీనికి సరిపోదు. తేమ పీల్చే గుళికలుండే డ్రయ్యర్ పెట్టి, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగానో మంచుగానో మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 40కి దించండి. వాల్వులు గది బయట ఉంచండి. పీవీసీ ట్యూబు చలికి కర్రలా బిగుసుకుంటుంది, సిలికాన్ ట్యూబు వాడండి.

ఇంకోటి. గది బయట 35 డిగ్రీల్లో గేజి మీద 1 బార్ (బయటి గాలి ఒత్తిడికి అదనంగా) నింపి వాల్వు మూసేస్తే, లోపల చల్లబడేసరికి అది 0.64కి పడిపోతుంది. లీకు అనుకుని రెండు రోజులు వెతికినవాళ్లు నాకు తెలుసు. ప్రెషర్ సెన్సర్ రీడింగ్ చూస్తూ నింపాలి, టైమర్ లెక్కతో కాదు.

కొందరు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పరీక్షించి, రిపోర్టులో 'అతిశీతల వాతావరణం' అని రాస్తున్నారు. అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు పైనే ఉంటుంది, నీళ్లు కూడా గడ్డకట్టవు. ఆ పరీక్షకు విలువ లేదు.

ఇదంతా ఒక ఎత్తు, మీ ఫొటో చూసి నాకు కలిగిన టెన్షన్ ఒక ఎత్తు. కంట్రోల్ బోర్డు నేరుగా రూటర్‌కి కలిపి, పోర్టు (ఇంటర్నెట్‌లోంచి బోర్డులోకి వచ్చే దారి) బయటికి తెరిచి, ఫోన్‌లోంచి ప్రెషర్ మార్చేలా పెట్టారు. పాస్‌వర్డ్ బోర్డుతో వచ్చినదే! స్టిక్కరు మీద స్పష్టంగా కనబడుతోంది. ఊరూపేరూ తెలియనివాడు ఎక్కడినుంచో ప్రెషర్ పెంచితే వేలు పగులుతుంది. ఆ సమయంలో మందపాటి కోటు వేసుకుని, వేళ్లు కొంకర్లు పోయి, దాని పక్కనే నిలబడి ఉండేది లోడింగ్ కుర్రాడు. పాస్‌వర్డ్ మార్చమని మొదటిసారే అడగని బోర్డులు అమ్మడమే తప్పని నా అభిప్రాయం. చవగ్గా వచ్చిందని కొనేసి, అప్‌డేట్ వస్తుందో రాదో కూడా చూసుకోరు.

ఇవాళే ఆ పోర్టు మూసేయండి. పాస్‌వర్డ్ మార్చండి. దూరం నుంచి చూడాల్సి వస్తే వీపీఎన్‌లో (మీవాళ్లే వెళ్లగలిగే గుప్త దారిలో) రీడింగులు చూడటం వరకే ఉంచండి, మార్చే వీలు తీసేయండి. ఏ సాఫ్ట్‌వేరూ ముట్టుకోలేని స్ప్రింగు రిలీఫ్ వాల్వు (ప్రెషర్ హద్దు దాటితే తనంతట తానే తెరుచుకుని గాలి వదిలేసేది) ఒకటి బిగించండి. అదీ గది బయటే. లోపల పెడితే అదే ముందు మంచు పట్టి బిగుసుకుంటుంది.

తర్వాత గ్రిప్పర్‌ను రాత్రంతా లోపలే వదిలేసి, తెల్లారి వేలు మొదటిసారి వంగేటప్పుడు వీడియో తీసి పంపండి.